సెల్మర్ రక్తం, వెర్నా గిన్నె

సాయంత్రం భోజనమయ్యాక గిన్నెలు కడిగి బోర్లించి, తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడే క్యాలెండర్ ముందు నిలబడి ఆ రోజు గడిలో ఒక్క ముక్క రాయడం ఆర్డిస్ ట్వేట్‌కి ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. పెద్ద సంగతులేం కావు. ‘వాన అరంగుళం.’ ‘ఎర్రావు ఈనింది, పెయ్య.’ ‘సెల్మర్ పన్ను పీకించుకున్నాడు, సూప్ తాగాడు.’ ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. రాత అంటే ఆమెకి ఆ గడి ఎంతో అంతే.

సెప్టెంబరు పదహారో గడిలో ‘రేపట్నించి బీట్ దుంపల తవ్వకం’ అని ఉంది. పదిహేడున సెల్మర్ ట్రాక్టర్ దిగి, రెండడుగులు వేసి, దుంపల మధ్యనే కూలిపోయాడు. గుండె. ఆ తర్వాత గడులన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆ వేళకి ఆర్డిస్ ఇప్పుడు రాయడం లేదు, చదువుతోంది. మేజాబట్టల సొరుగు అడుగునుంచి పాత క్యాలెండర్లు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో నెలా వెనక్కి తిప్పుతూ ఆయన్ని వెతుక్కుంటోంది.

మనిషి పోయిన బాధ ఒక ఎత్తు. చర్చి నేలమాళిగలో గోడకున్న పలక మీంచి ఆయన పేరు తీసేయడం ఇంకో ఎత్తు.

హెల్గెన్ ఊరికి మూడు నెలలకోసారి రక్తం బండి వస్తుంది. లూథరన్ చర్చి నేలమాళిగలో మంచాలు పరుస్తారు. ఎనిమిదిసార్లు ఇస్తే ఒక గ్యాలన్. అయిదు గ్యాలన్లు దాటినవాళ్ళ పేరు ఇత్తడి బిళ్ళ మీద చెక్కించి, మెట్ల పక్కనున్న చెక్కపలకకి మరలతో బిగిస్తారు. అలాంటి బిళ్ళలు మొత్తం తొమ్మిది. సెల్మర్‌ది మూడోది. పెళ్ళయిన మూడో ఏడు పురిట్లో బిడ్డ దక్కలేదు, ఆర్డిస్ మాత్రం ఎవరెవరిదో రక్తం ఎక్కించబట్టి దక్కింది. “నిన్ను నాకు వెనక్కిచ్చినవాళ్ళ పేర్లు తెలీవు. అందుకని ఎవరికిచ్చినా వాళ్ళకిచ్చినట్టే,” అనేవాడు సెల్మర్. పాలక్యాను పది గ్యాలన్లు పడుతుంది కదా, దాన్ని నింపి గానీ ఆపనని పందెం. నలభై అయిదుసార్లు ఇచ్చాడు. ఆ నలభై అయిదుసార్లూ ఇచ్చి లేవగానే ఆయన కూర్చునేది ఆర్డిస్ బల్ల దగ్గరే. కాఫీ పొడిలో గుడ్డు కొట్టి కలిపి కాచిన కాఫీ, ఖర్జూరం బిళ్ళలు, నారింజరసం ఆ బల్ల మీద ఆమె బాధ్యత.

నిరుడు డిసెంబరులో ఇచ్చిన రక్తానికి జనవరిలో ఉత్తరం వచ్చింది. ఎయిడ్స్ క్రిమికి విరుగుడుగా రక్తంలో పుట్టే యాంటీబాడీ కోసం చేసిన మొదటి పరీక్ష ‘ఉంది’ అంది. దాన్ని నిర్ధారించే రెండో పరీక్ష ‘లేదు’ అంది. మీకు జబ్బు లేదు, అయినా దయచేసి ఇకమీదట రక్తం ఇవ్వకండి, అని ఉత్తరం.

సెల్మర్ రెండుసార్లు చదివి ఆర్డిస్‌కి అందించాడు. “జబ్బు లేదంటారు, రక్తం వద్దంటారు. ఆవు బాగానే ఉంది, పాలు మాత్రం పితక్కు అన్నట్టుంది. వీళ్ళకెప్పుడైనా పశువులున్నాయా?”

“పొయ్యిలో పారెయ్యి,” అంది ఆర్డిస్.

“ఎందుకూ? అడుగుతాను. మార్చిలో బండి వస్తుందిగా.”

అడిగాడు. అదే ఆయన చేసిన తప్పు. మార్చిలో అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. బండితో వచ్చిన నర్సు పుస్తకం తిరగేసి, “మీ పేరు రక్తం తీసుకోకూడనివాళ్ళ జాబితాలో ఉందండీ,” అంది మెల్లగా. వెనకనుంచి ఎవరో “ఏమైంది సెల్మర్, రక్తం పాతబడిపోయిందా?” అని నవ్వారు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చొక్కాజేబులోంచి ఉత్తరం తీసి, అందరికీ వినపడేట్టు, “ఎయిడ్స్ పరీక్షట. మొదటిది అవునందట, రెండోది కాదందట. ఆ సంగతి తేల్చమనే వచ్చాను,” అన్నాడు.

ఆ నేలమాళిగలో ఉన్నవాళ్ళకి అందులో ఒక్క మాటే వినపడింది.

సెల్మర్ టోపీ తీసుకుని ఆర్డిస్ బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. “రక్తం వద్దన్నారు గానీ ఖర్జూరం బిళ్ళలు తినొద్దని ఎక్కడా రాయలేదు,” అని రెండు తిన్నాడు. ఆయన తాగిన కప్పు బల్ల మీద అలాగే ఉండిపోయింది. తీయడానికి వచ్చిన వెర్నా దాని ముందు ఆగి, కాగితపు రుమాలు చుట్టి పట్టుకుంది. వెర్నా ఎవరో కాదు, సెల్మర్ సొంత అక్క. చర్చి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద.

ఎండాకాలమంతా అలాగే గడిచింది. ధాన్యం గోదాము దగ్గర పొద్దున పాచికలాటకి ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది కాదు, ఆయన పక్క కుర్చీలు ఖాళీగా ఉండేవి. చర్చిలో అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగే ఆదివారాల్లో సెల్మర్ తనంతట తానే వరస చివరికి వెళ్ళి నిలబడేవాడు. ఆర్డిస్ ఆయన వెనక నిలబడేది. ఆఖరి గుక్క ఆమెదే.

హెల్గెన్‌లో ఎవరింట చావు జరిగినా హాట్‌డిష్‌లు వస్తాయి, మాంసం, బంగాళాదుంపలు, పైన చీజ్ వేసి ఓవెన్లో కాల్చినవి. గాజుగిన్నె అడుగున తెల్ల టేపుముక్క, దాని మీద ఇంటావిడ పేరు. తిన్నాక కడిగి, తుడిచి, ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చిరావాలి. ఆ ఇచ్చిరావడంలోనే గుమ్మంలో నాలుగు మాటలూ, కాస్త ఏడుపూ, ఒక కాఫీ. సెల్మర్ పోయినప్పుడు పదకొండు హాట్‌డిష్‌లు వచ్చాయి. పదకొండూ రేకుగిన్నెల్లోనే వచ్చాయి, తిని పారేసేవి. ఒక్కదానికీ పేరు లేదు. వెర్నా తెచ్చినదానిక్కూడా. ఆ ఇంట్లోంచి ఏ గిన్నే తమ ఇంటికి తిరిగి రాకూడదని ఊరంతా ఒకరికొకరు చెప్పుకోకుండానే అనుకున్నారు.

ఆర్డిస్ ఏడవలేదు. రేకుగిన్నెలన్నీ ఒకదాన్లో ఒకటి దొంతరపెట్టి చెత్తడబ్బాలో వేసి, పైన మూత గట్టిగా నొక్కింది.

అక్టోబరు మొదట్లో చర్చికి వెళ్తే మెట్ల పక్క పలక మీద మూడో చోట రెండు మరల కన్నాలూ, చుట్టూ చెక్క కన్నా తెల్లగా ఒక ముక్కా కనిపించాయి.

“తోమడానికి తీశాం,” అంది వెర్నా.

“మిగతా ఎనిమిదీ తోమక్కర్లేదా వదినా?”

“ఆర్డిస్, పిల్లలు తిరిగే చోటు. వాళ్ళు అడుగుతారు. నువ్వు నా స్థానంలో ఉంటే ఏం చేస్తావు?”

“నీ స్థానంలో ఉంటే వాడు నా తమ్ముడయ్యుండేవాడు,” అంది ఆర్డిస్. ఇంటికొచ్చి సొరుగు లాగింది.

అలా మొదలైంది ఆ వెనక్కి చదవడం. వారం రోజులకి దొరికింది. ‘1991 నవంబరు 6. చర్చిలో ఫ్లూ సూదులు. సె. వేయించుకున్నాడు, చెయ్యి నొప్పి. నాకు జలుబు, వేయించుకోలేదు.’ సరిగ్గా నాలుగు వారాలకి, ‘డిసెంబరు 4. రక్తం బండి. సె. ఇచ్చాడు.’ అంతకుముందు ఏ ఏడూ అలా జరగలేదు. సూదులు ఎప్పుడూ బండి వచ్చి వెళ్ళాకే వేసేవారు. ఆ ఏడు జిల్లా నర్సుకి తీరిక అప్పుడే దొరికిందని ముందుకు జరిపారు. ఒకే నేలమాళిగ, ఒకే బల్లలు, ముందు సూది, తర్వాత రక్తం.

ఆర్డిస్ ఆ రెండు పేజీల అంచులూ మడిచిపెట్టింది. వైద్యం ఆమెకి తెలీదు. తన బల్ల దగ్గరికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో మాత్రం తెలుసు. డిసెంబరులో ఇచ్చి, మార్చి నుంచీ రక్తమిచ్చి ఆమె బల్ల దగ్గర కూర్చోనివాళ్ళు సెల్మర్ కాక ఇద్దరు. అందులో ఒకడు ఓర్లిన్ హౌగ్‌స్టడ్, చర్చి బాయిలర్ చూసుకునేవాడు.

మర్నాడే వెళ్ళింది. ఓర్లిన్ కొట్టంలో మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

“రక్తం ఇవ్వడం ఎందుకు మానేశావు ఓర్లిన్?”

“బీపీ, ఆర్డిస్. డాక్టరు వద్దన్నాడు.”

“నీ బీపీ సంగతి నాకెందుకు తెలీదు, మొన్న ఆదివారం ఉప్పుచేప రెండుసార్లు వడ్డించుకున్నావు. ఫ్లూ సూది వేయించుకున్నావా నిరుడు?”

ఓర్లిన్ చేతిలో స్పానర్ అక్కడే ఆగిపోయింది. “నాకూ వచ్చింది ఉత్తరం,” అన్నాడు. “వచ్చినరోజే కాల్చేశాను. ఏమీ జరగనట్టు మార్చిలో వరసకొచ్చాను; సెల్మర్ అందరి ముందూ చదివినప్పుడు నేను మూడోవాణ్ణి. ఒక్కమాట అనుంటే ఆయన ఒంటరివాడు అయ్యేవాడు కాదు. నోరు రాలేదు. బయటికి వెళ్ళిపోయాను.”

ఆర్డిస్‌కి చెయ్యెత్తి కొట్టాలనిపించింది. కొట్టలేదు. “ఎవరికీ చెప్పను. నువ్వే చెప్పేదాకా చెప్పను,” అని వచ్చేసింది.

నగరంలో రక్తనిధికి బస్సులో మూడు గంటలు. సంచిలో సెల్మర్ ఉత్తరం, మరణపత్రం, రెండు క్యాలెండర్లు, అల్లిక సామాను, చీజ్ సాండ్‌విచ్ పెట్టుకుని వెళ్ళింది. ముందుగదిలో పిల్ల “అపాయింట్‌మెంట్ ఉందా అమ్మా?” అంది. “లేదు. అల్లిక తెచ్చుకున్నాను,” అని కుర్చీలో కూర్చుంది. ఒక మేజోడు మడమ తిరిగే వేళకి ప్రయోగశాల నుంచి ఒకావిడ వచ్చింది. జొలీన్ కుబిచెక్ అని పేరు. యాభై దగ్గర్లో ఉంటాయి, ముంజేతుల నిండా పొడిబారిన చర్మం, రోజుకి ముప్పైసార్లు కడుక్కునే చేతులు.

“మా ఆయన రక్తాన్ని చూసింది మీరేనా?”

జొలీన్ ఉత్తరం మీద నంబరు చూసింది. “నేనేనండీ. ఆ బల్ల నాదే.”

ఆర్డిస్ క్యాలెండర్లు విప్పి రెండు గడులూ వేలితో చూపించింది. జొలీన్ ఆ రెండు తేదీలనీ ఒకసారి, ఆర్డిస్ మొహాన్ని ఒకసారి చూసింది. “మీకెవరు చెప్పారు ఈ సంగతి?”

“క్యాలెండర్.”

“మాకు ఈ ఏడు వసంతంలో తెలిసింది. ఒక్క హెల్గెన్‌లోనే కాదు, చాలా చోట్ల ఇలాగే అయింది. లోపలికి రండి.”

అనుమానం తగిలిన ప్రతి రక్తంలోనూ కాస్త ఫ్రీజర్‌లో దాచి ఉంచుతారట, పరీక్షల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూడడానికి. జొలీన్ ఒక ప్లాస్టిక్ రేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. నిండా చిన్న చిన్న గుంటలు. క్రిస్మస్‌కి తాను పొంగణాలు పోసే ఇనుపపెనం గుర్తొచ్చింది ఆర్డిస్‌కి.

“ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తపు తేట. యాంటీబాడీ ఉంటే రంగు తిరుగుతుంది, లేకపోతే నీళ్ళలా ఉంటుంది. ఈ మొదటి పరీక్ష ఉంది చూశారూ, ఒట్టి అనుమానపు మనిషండీ. దొంగ ఒక్కడు కూడా జారిపోకూడదని దాన్ని అలాగే తయారుచేశారు. వంద మంది మంచివాళ్ళని దాటించి, ఒక్కోసారి నూటొకటో మంచివాణ్ణి కూడా పట్టుకుంటుంది. రెండో పరీక్ష నిదానం మనిషి. దగ్గరికెళ్ళి, మొహం మీద దీపం పెట్టి చూసి గానీ మాట్లాడదు.”

“ఈ అనుమానపు మనిషి అన్ని కంపెనీల్లోనూ ఒకలాగే ఉంటుందా?”

జొలీన్ నవ్వింది. “అది అడగడానికి మా డాక్టర్లకి ఆర్నెల్లు పట్టింది. అదే పోల్చి చూస్తున్నాం. ఒకే రక్తం, మూడు కంపెనీల పరీక్షలు, పక్కపక్కన.” వేలు పెట్టి చూపించింది. “పై వరస అప్పుడు మేం వాడింది. రంగు తిరిగింది. కింది రెండు వరసలూ వేరేవాళ్ళవి. చూడండి.”

కింది రెండు గుంటలూ నీళ్ళలా తేటగా ఉన్నాయి.

“ఇది ఆయనదేనా?”

“ఆయనదే. నిరుడు సెప్టెంబరులో ఇచ్చినప్పుడు ఈ పై వరస పరీక్షే ఏమీ అనలేదు. మధ్యలో ఫ్లూ సూది పడింది. ఆ సూదికి ఒళ్ళు తయారుచేసుకున్న కాపలాదార్లని చూసి ఇది పొరబడింది. మీ ఊరివాళ్ళవి ఇంకో రెండు కూడా—”

“పేర్లు చెప్పకు.”

“చెప్పకూడదు కూడానండీ.”

“నాకు తెలుసు.”

ఆర్డిస్ ఆ తేట గుంటలకేసే చూస్తూ ఉండిపోయింది. ఇంటిదగ్గర ఆయన చొక్కాలు కూడా ఇంకా బీరువాలోనే ఉన్నాయి. కానీ ఆయనలోంచి వచ్చింది, ఆయనే అయినది, మిగిలింది ఈ రెండు చుక్కలే. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వసంతంలో తెలిసిందన్నావు. సెప్టెంబరు దాకా బతికున్నాడు తల్లీ ఆయన. ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయారా?”

జొలీన్ తల దించుకుంది. “పరీక్ష మార్చమని రాశాం. జాబితా మార్చమని రాశాం. మనుషులకి రాయాలన్నది ఎవరి పనీ కాకుండా పోయింది. క్షమించండి.”

“క్షమాపణ నాకొద్దు. కాగితం కావాలి. నీ పెద్ద పెద్ద మాటలొద్దు, ఎనిమిదో తరగతి చదివినదానికి అర్థమవ్వాలి.”

“మా పెద్దాయన సంతకం కావాలండీ. రెండు వారాలు—”

“నా దగ్గర ఇంకో మేజోడు ఉంది,” అంది ఆర్డిస్, కుర్చీ వెతుక్కుంటూ.

నాలుగింటి బస్సుకి కాగితం చేతికొచ్చింది. కింద రెండు సంతకాలు. సెల్మర్ ట్వేట్ రక్తంలో ఎయిడ్స్ క్రిమి జాడ ఎన్నడూ లేదు; మా పరీక్ష పొరబడింది; ఆయన పొరబడలేదు. ఆ చివరిమాట జొలీన్ సొంతంగా రాసింది.

నవంబరు మూడో బుధవారం చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళు అమ్మకానికి లెఫ్సా రొట్టెలు చేస్తున్నారు. బంగాళాదుంప పిండి పొగలు కక్కుతోంది. ఆర్డిస్ లోపలికొచ్చి, కోటైనా విప్పకుండా నేరుగా పలక దగ్గరికి వెళ్ళి, ఆ తెల్లటి చోటులో కాగితం పెట్టి నాలుగు మూలలా మేకులు గుచ్చింది.

వెర్నా పిండిచేతులతోనే వచ్చింది. చదివింది. మెడ ఎర్రబడింది. “చర్చి గోడమీద ఆ మాట ఏమిటి ఆర్డిస్? తీసెయ్.”

“ఈ గోడకింద నిలబడే కదా ఆ మాట పట్టుకుని ఊరంతా తిప్పారు. మళ్ళీ ఇక్కడికే తెచ్చాను.”

“పరీక్ష పొరబడితే, ఊళ్ళో ఇంతమంది ఇచ్చారు, ఒక్క మావాడికే ఎందుకు వస్తుంది ఉత్తరం? చెప్పు. ఇంకెవరికొచ్చింది?”

ఆర్డిస్ నోరు తెరిచి మూసేసింది. ఓర్లిన్‌కి మాట ఇచ్చింది కదా. రొట్టె ఒకటి పెనం మీద మాడి వాసన వచ్చింది. బాయిలర్ గది తలుపులో ఓర్లిన్ నిలబడి ఉన్నాడు, చేతిలో నూనెగుడ్డతో.

“నాకొచ్చింది,” అన్నాడు.

పెనాల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి.

“సెల్మర్‌తోపాటే వచ్చింది. అదే మాట. సెల్మర్ చెప్పాడు, నేను దాచుకున్నాను. ఏం వెర్నా, నిన్ననేగా నీ ఇంట్లో కాఫీ తాగాను. ఆ కప్పు పారేస్తావా?”

వెర్నా ఏప్రన్ అంచు రెండు చేతుల్తో నలుపుతూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఎవరో వెనకనుంచి ఆర్డిస్ కోటు భుజాలమీంచి తీసి, చేతికి రొట్టెల కర్ర ఇచ్చారు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం గుమ్మం ముందు వెర్నా నిలబడింది. చేతుల్లో గాజుగిన్నె, దళసరిది, మూలలు గుండ్రంగా ఉన్నది, వాళ్ళమ్మ నాటిది. పైన చీజ్ ఇంకా బుడగలు పడుతోంది. అడుగున కొత్త టేపు: వెర్నా లొక్కెన్.

“వేడిగా ఉంది, చూసి పట్టుకో,” అంది. కళ్ళు వాచి ఉన్నాయి. “వాడికి బఠాణీలు ఎక్కువ వేస్తే ఇష్టం. అలాగే వేశాను.”

“తెలుసు. లోపలికి రా వదినా.”

“లేదులే. బిళ్ళ సంగతి... జనవరి మీటింగ్‌లో పెడతాను. సంఘం ఒప్పుకోవాలి కదా.”

“తీసేటప్పుడు ఏ మీటింగ్‌లో పెట్టావు?”

వెర్నా కారు వైపు చూసింది. “గిన్నె తొందరేం లేదు, నెమ్మదిగా ఇవ్వు,” అని వెళ్ళిపోయింది.

ఆర్డిస్ హాట్‌డిష్ మూడు రోజులు తింది. బాగుంది. బఠాణీలు నిజంగానే ఎక్కువ వేసింది. ఖాళీ అయిన గిన్నెని సింకు పక్కన పెట్టింది. మామూలుగా అయితే ఈపాటికి వేణ్ణీళ్ళలో నానబెట్టి, అంచులకంటిన చీజ్ గోకి, తుడిచి, కాగితం చుట్టి, మర్నాడే ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఉండేది. ఆ ఊళ్ళో ఏ ఆడదీ ఎవరి గిన్నెనీ రెండోవారం దాకా తనింట్లో ఉంచుకోదు.

మంగళవారం ఫోను మోగింది.

“ఆర్డిస్, గురువారం థాంక్స్‌గివింగ్ కదా. ఇరవైమంది వస్తున్నారు. నా పెద్ద గిన్నె...”

“ఇక్కడే ఉంది.”

“నువ్వు తెస్తావా, నన్ను రమ్మంటావా?”

“నువ్వే రా. వచ్చేటప్పుడు బిళ్ళ పట్టుకురా, మరలు కూడా. స్క్రూడ్రైవర్ సెల్మర్‌ది నా దగ్గరుంది. దార్లో చర్చి తాళాలు ఓర్లిన్‌ని అడుగు, ఇస్తాడు.”

“అది మా అమ్మ గిన్నె ఆర్డిస్.”

“అది మీ తమ్ముడి పేరు వదినా.”

ఫోను పెట్టేసింది. ఒక్క పళ్ళెం, ఒక్క కప్పు, ఒక్క ఫోర్కు కడిగి బోర్లించింది. అంచులకి ఎండిన చీజ్‌తో గాజుగిన్నె పక్కనే ఉంది. దాని జోలికి పోలేదు. తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని క్యాలెండర్ దగ్గరికి వెళ్ళింది. సెప్టెంబరు నుంచి తెల్లగా ఉన్న గడులన్నీ దాటుకుంటూ నవంబరు ఇరవైనాలుగో గడి దగ్గర ఆగి, పెన్సిలు మొన నాలికకి తడిపి రాసింది:

‘చలి. వెర్నా గిన్నె కడగలేదు.’